వేలు లేచేదాకా

ఉరవకొండలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
పంతొమ్మిదేండ్లు టైపు కొట్టినాను.
క్రయదస్తావేజులు, భాగపరిష్కారాలు,
తూర్పున ఫలానా వాళ్ళ చేను, పడమర వంక.
నిమిషానికి నలభై ఐదు మాటలు,
కొట్టివేతలు లేకుండా.
మిషనుకు గుడ్డ కప్పి మూడేండ్లయింది.
వేళ్ళకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు,
చపాతీల పీట మీద, బస్సు సీటు కమ్మీ మీద
ఇంకా ఎవరి పొలానికో హద్దులు రాస్తానే ఉంటాయి.

గుంతకల్లు పాతసామాన్ల అంగట్లో
బుల్‌బుల్ కనపడింది.
రెండు వరుసల మీటలు, గుండ్రంగా, అంకెలేసి,
టైపు మిషనుకు తమ్ముడి మాదిరి.
తీగలన్నీ తుప్పు.
నాలుగు నూర్లు చెప్పి, రెండున్నరకిచ్చినాడు.

అమాసకొకసారి
మూతబడిన శెనక్కాయల మిల్లులో కూర్చుంటారు వాళ్ళు.
మొదటి అమాసకు గేటుదాకా పోయి తిరిగొచ్చినాను.
రెండో అమాసకు టీ అంగడి కాడ నిలబడి విన్నాను.
మూడోసారి పాల్తూరు వన్నూరమ్మే బయటికొచ్చి
"ఆ మూటలో ఏముందిమా,
పసిబిడ్డ మాదిరి ఎత్తుకోనుండావు" అంది.

లోపల గోడల్లో ఇంకా పొట్టు వాసన.
హుసేనప్పది తంబూర.
ఓబుళేసుది ఫిడేలు, ఒక బిరడా పోతే
వేపపుల్ల చెక్కి పెట్టినాడు.
ఎర్రిస్వామి మాండలిన్, పెండ్లి బ్యాండు మానుకున్నప్పటిది.
వన్నూరమ్మ చేతిలో కంజీర, ఒళ్ళో మనవడు,
వాడు నిద్రలో కూడా తాళం తప్పడు.

"ఏ పాటో చెప్పండి, రాసుకుంటా" అన్నాను.
హుసేనప్ప నవ్వినాడు, ఉన్న రెండు పండ్లతో.
"రాసుకుంటే కాయితానికొస్తాదిమా, నీకు రాదు.
వెనక వరసన కూకో. ఇను.
దొరికినంత వాయించు, దొరకంది ఇడిసిపెట్టు.
మళ్ళా తిరిగొస్తాదిలే, యాడికి పోతాది."

శ్రుతి కోసం ఫోను తీస్తే
వన్నూరమ్మ దాన్ని గోనెసంచి కింద దోపింది.
"మా ముసిలాయన చెవి ఉండాది గదా."

దూది ఏకిన చెవి అది.
ఊరూరా తిరిగి పరుపులు విప్పేవాడట, మనిషెత్తు విల్లుతో.
నరం ఝుమ్మంటే
పక్క వీధి ఆడోళ్ళు దిండ్లు మోసుకొచ్చేవాళ్ళట.
తంబూర మీటేటప్పుడు ఇప్పటికీ
భుజం మీంచి లేని దూదిని దులుపుకుంటాడు.

పాట మొదలైంది.
ఒకే చుట్టు. తిరిగి తిరిగి అదే చుట్టు.
మూడోదానికి రెండు మీటలు దొరికినాయి.
ఆరోదానికి నాలుగు.
తొమ్మిదోదానికి నా వేళ్ళు
నన్నడక్కుండానే పరుగందుకున్నాయి,
తూర్పున చేను, పడమర వంక,
ఎవరి భూమో ఈ రాత్రికి రాత్రే అమ్ముడుపోతున్నట్టు.

ఎంతసేపో.
తలెత్తి చూస్తే అందరూ ఆపేసి ఉన్నారు.
నా ఒక్కదాని టకటక
మిల్లు రేకుల కింద పోతానే ఉంది.
ఓబుళేసు నేలను చూస్తున్నాడు.
పిల్లోడు లేచి కూర్చున్నాడు.

"వేలు చూల్లేదామా?"

పాట ఐపోవస్తే
హుసేనప్ప ఎడమకాలి బొటనవేలు లేస్తాదంట.
అదే గుర్తు. అందరికీ తెలుసు.
మిషన్లో ఐతే పంక్తి చివర గంట మోగేది.
గంట లేని చోట నేనెప్పుడూ ఆగి ఎరగను.

తప్పైపోయిందన్నాను.
"ఎవురో తరుముకొస్తాండట్టు కొట్నావు, అది నిజమే.
కానీ రెండో మలుపు కాడ ఒకటి తప్పు మీటినావు చూడు,
అది బాగుండాది.
ఇంగోసారి అదే తప్పు మీటు."

మళ్ళా అందుకున్నారు.
ఈసారి మీటల మీద కాదు నా చూపు,
పగిలిన మడమ, ఎర్రమట్టి పట్టిన గోరు.
ఆ తప్పును వెతుక్కుంటా నాలుగు చుట్లు పోయినాయి,
దొరకలేదు.
ఐదోది మొదలైంది.
వేలు ఇంకా నేల మీదే ఉంది.