మూడు కాళ్ల కుందేలు

గ్లాసప్ స్టేషన్ బయట, శనివారం పొద్దున్న ఎనిమిదింటికి
డోరీన్ నాకోసం చూస్తూ ఉంటుంది,
ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫ్లాస్కు.
డెబ్బై నాలుగేళ్లు. ముప్పయ్యేళ్లు బడిపిల్లలకి వండిన చేతులు.
"ఇవాళ కనబడుతుందంటావా?" అంటాను.
"దాన్నే అడగాలి," అంటుంది.
ఇద్దరం నవ్వం. అది జోకు కాదు.

నాలుగు చలికాలాలుగా ఇదే వరస.
బ్లీక్‌లో కొండమీద తెల్లకుందేళ్లు ఉన్నాయని
నాకు చెప్పింది ఆవిడే.
ఎండాకాలమంతా మట్టిరంగులో తిరిగి
చలి మొదలవగానే తెల్లబడతాయట,
మంచు కురవకపోతుందా అని.

నా కెమెరాలో ఏముందో చెప్పనా.
కుందేలు ఇప్పుడే లేచి వెళ్లిపోయిన గడ్డి, పద్నాలుగు ఫోటోలు.
కుందేలనుకున్న రాయి.
కుందేలనుకున్న ఇంకో రాయి.
గొర్రె ఉన్ని చిక్కుకున్న ముళ్లకంచె.
నా బొటనవేలు, పొగమంచులో ఇంకో కొండలా.
డోరీన్ వీపు, డోరీన్ వీపు,
నల్లటి బురదలో మోకాలిదాకా దిగబడి
నన్ను తిడుతున్న డోరీన్ ముఖం.
అదొక్కటే భలే స్పష్టంగా వచ్చింది.

వారమంతా స్టాక్‌పోర్ట్‌లో
పళ్ల అచ్చులు పోయడం నా పని.
మనుషులు రారు. వాళ్ల నోళ్లు మాత్రం
తిరగబడ్డ గుంటలై నా బల్లమీదికి వస్తాయి.
అందుకేనేమో, ఆ గడ్డిలో
కుందేలు పడుకున్న గుంట మొదటిసారి చూసినప్పుడు
ఫోటో సంగతి మరిచిపోయి చెయ్యి పెట్టాను.
ఇంకా వెచ్చగా ఉంది.

కిందటి ఫిబ్రవరి.
ఆ ఏడు మంచు రానేలేదు.
కొండంతా వడగట్టిన టీపొడి రంగు.
దాని మధ్య, అర మైలు అవతలినుంచి కూడా
దాచుకోలేనంత తెల్లగా
అది.
కదలకపోతే కనబడననుకుందో ఏమో
చెవులు వీపుకి అతికించి కూర్చుంది.
"పాపం," అన్నాను. తెలుగులోనే వచ్చింది.
"అవును," అంది డోరీన్.

నొక్కాను. అది లేచింది.
నొక్కాను, నొక్కాను,
ఆకాశం వచ్చింది, నా బూటు వచ్చింది,
ఒక్కదాంట్లో మాత్రం కుందేలు వచ్చింది.

ఇంట్లో మా హంసిని వేలితో లెక్కపెట్టింది:
"అమ్మా, దీనికి మూడే కాళ్లున్నాయి."
తడిబూట్ల కింద పరిచిన పేపరు మీదే కూలబడి
కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను.
ఎందుకో దానికి తెలీదు.
సామెత సగం చెప్పేసరికి
"ఓకే" అంటూ మేడెక్కి వెళ్లిపోయింది.

తర్వాతి శనివారం డోరీన్‌కి చూపించాను.
కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని
"నాలుగోది పొదలో ఉంది," అంది.
"లేదు. మూడే."
"నాలుగు. నేనూ ఉన్నానుగా అక్కడ."
"పట్టింది నేను."
రెండు రాతిగోడలూ ఒక వాగూ దాటేదాకా ఇదే తగువు.
టీ మాత్రం ఒకే మూతలో తాగాం.

ఒక సంగతి ఆవిడకింకా చెప్పలేదు.
ఆవిడ మోకాలికి ఆపరేషనైన నవంబరులో
ఒక్కదాన్నే వెళ్లాను.
బ్యాటరీ చచ్చిపోయింది. కెమెరా సంచిలో కుక్కి
రాయిమీద కూర్చుని కమలాపండు వలుచుకుంటుంటే
పదడుగుల్లో వచ్చి నిలబడింది.
సగం మట్టి, సగం తెలుపు,
ఏ రంగులో ఉండాలో ఇంకా తేల్చుకోలేదు.
ముక్కు అదిరింది. కమలా వాసనకే అయ్యుంటుంది.
నేను నమలడం ఆపాను.
రసం మణికట్టు మీదుగా
చొక్కా చేతిలోకి చల్లగా పాకుతోంది.
ఎంతసేపున్నామో తెలీదు.
కాళ్లు లెక్కపెట్టాలని తోచలేదు.