తాలు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
టిక్కీకి ఇంతని కూలి.
తొడిమ తుంచడం, తాలు కాయ పక్కకు వేయడం.
ఎర్రగా ఉన్నవన్నీ మంచివి కావు,
విరిస్తేనే తెలుస్తుంది
లోపల బూజు పట్టిందో లేదో.

సాయంత్రానికి చేతులు పొయ్యిలో పెట్టినట్టుంటాయి.
కొబ్బరి నూనె రాస్తా, మజ్జిగలో ముంచుతా.
ఏం చేసినా ఒక్కటి మాత్రం కూడదు,
ఈ చేతుల్తో కళ్ళు తుడుచుకోకూడదు.
అందుకే తొడిమలు తీసే ఆడవాళ్ళం
మోచేత్తో ఏడుస్తాం.

ఆగమన కాలం మొదటి ఆదివారం
గుడిలో బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచారు.
నాలుగు కొవ్వొత్తుల్లో ఒక్కటే వెలిగించి
అయ్యగారు అన్నారు కదా,
ఆయన వస్తున్నాడు, దారి చదును చెయ్యండమ్మా అని.
నాకు నవ్వొచ్చింది.
మా వీధిని డ్రైనేజీ కోసమని
వానాకాలంలో తవ్వి వదిలేశారు.
ఇటు మట్టి గుట్ట, పక్కనే గొయ్యి,
గొయ్యి మీద ఒక బల్లచెక్క.
అవతలి ఒడ్డున మా తోడికోడలు తబిత ఇల్లు.

ఇంటికొచ్చి సున్నం నానబెట్టా.
బూజు దులిపా, బొంతలు ఉతికా.
నీలిమందు రెండు చుక్కలు ఎక్కువ పడి
వరండా గోడ ఆకాశంలా తేలింది.
సిద్ధపడటమంటే ఇదే కదా అనుకుంటూ
అటక మీద చెయ్యి పెడితే
తగిలింది నక్షత్రం చట్రం.

మామ వెదురు చీల్చి కట్టింది.
అయిదు కొనల్లో ఒకటి పొట్టి.
పంపకాల రోజు
గిన్నెలూ మంచాలూ కోళ్ళగంపా అయ్యాక
దీని దగ్గర ఆగిపోయాం.
చివరికి చట్రం నాకు,
బల్బూ వైరూ హోల్డరూ ఆమెకు.
మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు.
అప్పట్నుంచి మూడు క్రిస్మస్సులు
నా గుమ్మానికి వెలగని నక్షత్రం,
ఆమె గుమ్మానికి ఒట్టి బల్బు.

రెండో ఆదివారం సరుకు దిగింది. గుడికి పోలేదు.

ఆ వారమంతా తాలు ఏరుతూ లెక్కేశా.
ఆమె అన్న మాటలొక కుప్ప,
నేనన్న మాటలొక కుప్ప.
నావి తక్కువని ఇన్నేళ్ళ నా లెక్క.
ఎత్తి నింపితే నా టిక్కీకే మూతి బిగవలేదు.
అందులో ఒకటి మాట కూడా కాదు.
మామ శవం ఇంట్లో ఉండగా
ఆమె తెచ్చిన టీ గ్లాసును
పక్కకు నెట్టాను, అంతే.
ఎవరూ చూడలేదు.
చలిగదిలో సరుకులా
రంగైనా మారకుండా నిలవుంది.

మూడో వారం ఓ రాత్రి పాటల జట్టు వచ్చింది,
మంకీ టోపీలూ కంజీరా డోలక్కూ.
చెక్క దాటడానికి భయపడి
జక్కరయ్య తాత గొయ్యి దగ్గరే నిలబడ్డాడు.
సగం పాట ఇటు, సగం పాట అటు.
అవతలి గుమ్మంలో తబిత, చెవులకు తువ్వాలు చుట్టుకుని.
రెండో చరణంలో ఇద్దరం
ఒకే చోట ఒకే మాట తప్పు పాడాం.
అత్త నేర్పిన తప్పు అది.
జట్టు సరిగ్గానే పాడింది.

ఇవాళ శనివారం.
పట్నం బజారులో రంగుకాగితం కొన్నా,
మైదా ఉడికించి అంటించా.
పొట్టి కొనకు రెండు పొరలు.
నక్షత్రాన్ని గంపలా నెత్తిన పెట్టుకుని
చెక్క మీద అడుగేస్తే
కింద మురుగూ, కాళ్ళలో వణుకూ.

తలుపు తట్టా.
లోపల టీవీ గొంతు తగ్గింది.
చెప్పుల చప్పుడు
గడియ దాకా వచ్చి ఆగింది.
ఎవరని ఆమె అడగలేదు.
నేనని నేను చెప్పలేదు.

మంచు దిగుతోంది, కాగితం మెత్తబడుతోంది.
మూసిన తలుపు బయట
ఇంత చలిగా ఉంటుందని
ఏటేటా వచ్చి నిలబడేవాడు
ఒక్కసారైనా అనలేదు.

మోచెయ్యి సిద్ధంగా పెట్టుకున్నా.