అంతిమ బిందువు దాటాక

ముప్పై మూడేళ్లు రంగును
జవాబుగానే చూశాను.
ద్రాక్షరంగు నీటిలోకి బ్యూరెట్ నుంచి
బొట్టు, బొట్టు, బొట్టు.
నీలం తిరగ్గానే చెయ్యి ఆగిపోవాలి.
ఒక్క బొట్టు ఎక్కువైందా,
సింకులో పారబోసి మళ్లీ మొదలు.
ఆ నీలం ఎంత బాగుంటుందో రాయడానికి
రిజిస్టరులో గడి లేదు.
కాఠిన్యం, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు.
కింద సంతకం: పి. హైమావతి, సీనియర్ ఎనలిస్టు.

ఉద్దానం నుంచి బస్సులో వచ్చేవి
దగ్గుమందు సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో
బోరునీళ్లు,
ఇంట్లో ఒకరు మంచాన పడ్డాక.
"ఏటుందమ్మా ఇందల?"
గుమ్మం దాటకుండానే అడిగేవాళ్లు.
ఏముందో చెప్పాను, దశాంశాలతో సహా.
ఎందుకో చెప్పలేకపోయాను.
రిటైరైన రోజు కప్పిన శాలువా
ఇంకా కవరులోంచి తియ్యలేదు.

కళింగపట్నం వెళ్లింది బొమ్మల కోసం కాదు.
మోకాళ్లకి ఇసకలో నడక మంచిదన్నారు.
లైట్‌హౌసు ఇవతల, బోర్లించిన పడవ దగ్గర
సూరాడ పోలేసు కొబ్బరిచిప్పలో
రంగు కలుపుతున్నాడు.
నోరూరుకోక అడిగాను,
ఎన్ని పాళ్లు నీలం, ఎన్ని పాళ్లు తెలుపు అని.
"పాళ్లేటమ్మా!
సంద్రంల కలిసిపోకండా ఉండాల.
ఒడ్డు మీదున్న ఆడోళ్ల కంటికి ఆనాల."
అంతే. అదే అతని ఫార్ములా.
మిగిలిన రంగు నా చేతికిచ్చాడు, ఓ చెక్కముక్క కూడా.
నేనేం చేశానంటే,
ఆ చిప్పను కంటి ఎత్తుకి లేపి
అంచు దగ్గర మట్టం చదివాను.
పోలేసు నవ్వు ఆపుకోలేక బీడీ పారేసుకున్నాడు.

లేబు నుంచి తెచ్చుకున్నది ఒక్కటే,
మూతి విరిగిన పిపెట్టు.
ఇప్పుడది వరండాలో
కాగితం మీద నీళ్లు వదులుతుంది.
వంశధార సముద్రంలో కలిసే చోటు వేద్దామనుకున్నాను,
మట్టినీళ్లు, ఉప్పునీళ్లు
కాసేపు ఒకదాన్నొకటి ఒప్పుకోని ఆ గీత.
బొట్టు. బొట్టు.
తిరిగింది. సరిగ్గా అక్కడ.
వేళ్లు వాటంతటవే గాజుకుళాయి కోసం వెతికాయి.
కుళాయి లేదు.
ఇంకో బొట్టు పడింది.
కాగితం ఉబ్బింది, గీత తెగింది,
మట్టి వెళ్లి నీలంలో దూకింది,
ఏ పట్టికలోనూ నేను చూడని ఆకుపచ్చ ఒకటి
మూలకి పాకుతోంది, ఎవరినీ అడక్కుండా.

పారబొయ్యలేదు.
పైకే నవ్వేశాను. ఎంత గట్టిగానంటే
గోడ అవతల దాలమ్మ చీపురు ఆపి
"ఏటమ్మా, ఫోన్ల జోకా?" అంది.
ఏం చెప్పను?
అరవయ్యొకటో ఏట
తప్పు చేశాను దాలమ్మా, బాగుంది, అన్నాను.
ఆమె నన్నోసారి చూసి ఊడ్చుకుంటూ పోయింది.

బొమ్మ పోలేసుకి చూపించాను.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
"సంద్రం నాగ నేదుగానీ
తడిగుంది" అన్నాడు.
నా జీవితంలో ఇంత మంచి రిపోర్టు
నాకెవరూ ఇవ్వలేదు.

మొన్న ఒకాయన సీసాతో వచ్చాడు.
రిటైరయ్యానని తెలిసే వచ్చాడు.
భార్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్.
సగం నీళ్లు లేబుకి పంపాను.
సగం కిటికీలో పెట్టాను.
ఏముందో నాకు తెలీదు ఆ సగంలో.
పొద్దున ఏడింటికి మాత్రం ఎండ ఉంటుంది,
ఎండ వెనక వంకరగా మా జామచెట్టు.
మూడు రోజులుగా దాన్ని వెయ్యలేక అవస్థ.
నీటికి రంగు లేదు కదా,
తెలుపును వదిలెయ్యడం చేతకావాలి.
నాకు వదిలెయ్యడమే రాదు.

మధ్యాహ్నం రెండు దాటింది.
అన్నం కలుపుకోవాలి.
గోళ్ల దాకా నీలం,
కడుక్కోబుద్ధి కావడం లేదు.