ఆరు, ఆరు, ఎనిమిది

కొండమల్లేపల్లి చౌరస్తల
సాగర్ రోడ్డు మొదట్లనే జహంగీర్ సేటు దుకాణం.
లోపలికి వోతే వార్నిష్ వాసన,
దాని అడుగున కాలిన రాగి వాసన.
పదో తరగతిల సైన్సు తప్పి
నేనీడ చుట్లు లెక్కవెట్టుడు నేర్చుకుంటున్న.

హర్యా మోటర్ వట్టుకొచ్చిండు.
ఈ ఎండకాలం ఇది మూడోసారి.
ఆటోల పండవెట్టి, తడి గోనెపట్ట కప్పి
జెరమొచ్చిన పిల్లగాన్ని తెచ్చినట్టు తెచ్చిండు.
దించుడు దించుడే తిట్లు.
"నీ తీగెల దమ్ము లేదు సేటూ,
రెండు వందల బత్తాయి చెట్లు
పిందె రాలగొడ్తున్నయి."

సేటు మారు మాట్లాడలే.
ట్రాక్టర్ బ్యాటరీ ముందటికి గుంజి
పన్నెండు వోల్టులు ఒక కాయిల్‌కు కలిపి
మీటర్ నా దిక్కు తిప్పిండు. సదువు, అన్నడు.
ఆరు.
రెండో కాయిల్. ఆరు.
మూడో దాని మీద ముల్లు
ఆరు దాటి ఎనిమిది కాడ నిలవడ్డది.

"ఎనిమిదంటే మంచిదే గద," అన్నడు హర్యా,
"ఎక్కువ పారుతున్నది."

బయటికొచ్చి షట్టర్ దించి
సేటు సుద్దముక్కతోని రాసిండు:
పన్నెండును ఆరుతోని భాగిస్తే రెండు ఓములు.
ఎనిమిదితోని భాగిస్తే ఒకటిన్నర.
"మిగిలిన అర ఓము ఏడవోయిందిరా?"
నేను తలకాయ గోక్కున్న.
బళ్లె సారు బెత్తం వట్టుకొని అడిగింది గిదే,
అప్పుడు దానికి వాసన లేకుండె.

కాయిల్ కోస్తే దొరికింది:
వార్నిష్ కరిగి తీగెకు తీగె అంటుకున్న తావు,
కరెంటు అన్ని చుట్లు తిరగకుండ
అడ్డదారి తొక్కిన తావు.
గోరంత నలుపు.

నాలుగొద్దులకు కొత్త కాయిల్ చుట్టి
తండకు నేను, సేటు పోయినం.
పొద్దుగాల ఆరింటికి
బోర్లన్నీ ఒక్కపాలే లేసే యాల్ల.
నాలుగు వందల పదిహేను ఉండాల్సిన కాడ
రెండు వందల ఎనభై.
ఎనిమిది ఆంపులు గుంజాల్సిన మోటర్
పన్నెండు గుంజుతున్నది.

స్టార్టర్ డబ్బా మూత మీద బొగ్గుతోని సేటు లెక్క:
"మూడు తీగెల గుణకం రెండు దిక్కుల ఒకటే, ఇడ్సివెట్టు.
నాలుగు వందల పదిహేను ఎనిమిదులు, మూడు వేల మూడు వందల ఇరవై.
రెండు వందల ఎనభై పన్నెండ్లు, మూడు వేల మూడు వందల అరవై.
అంటే పని గంతే, నీళ్లు గన్నే.
వేడి సంగతి సూడు:
ఎనిమిది ఎనిమిదులు, దానికి రెండు ఓములు, నూట ఇరవై ఎనిమిది.
పన్నెండు పన్నెండ్లు, దానికి రెండు,
రెండు వందల ఎనభై ఎనిమిది."

హర్యా బీడీ ఆర్పిండు.
"నడుమ నూట ముప్పై అయిదు వోల్టులు ఎవడు దిన్నడు?"
"ఎవడు దినలే. మూడు కిలోమీటర్ల సన్న తీగె దిన్నది.
తీగెకు గూడ ఓములుంటయి.
నువ్వు లైను ఆఖర్ల ఉన్నవ్."

ఆఖర్ల ఉన్నోనికి అందేది తక్కువ,
గుంజుకునేది ఎక్కువ, కాలేది తనే.
ఈ మాట సేటు అనలే.
హర్యా అనలే.
నాకే అనిపించి, అనకుండ ఊకున్న.

హర్యా లేసి ఎర్ర బటన్ ఒత్తిండు.
మోటర్ ఆగింది. పైపుల నీళ్లు గుటక మింగినట్టు కిందికి జారినయి.
ముల్లు మూడు వందల యాభై దాటేదాక
డబ్బా ముందట గొంతుక్కూసుండి సూస్తనన్నడు.
ఎనుక బత్తాయాకులు ముడుసుకున్నయి.

సుద్ద లెక్క షట్టర్ మీద ఇంక ఉన్నది.
పొద్దుగాల ఎత్తితే రేకుతోని చుట్టుకపోతది,
రాత్రి దించితే మళ్ల విప్పుకుంటది.
పన్నెండు, ఆరు, రెండు.
దాని కింద సేటు రాత:
హర్యా, ఇరవై రెండు వందలు, బాకీ.