చేపల హాలు

పోతి రేవులో చేపల హాలుని
ఇరవై మూడు రోజులకి అద్దెకి తీసుకున్నాం.
కాగితం మీద సంతకం నాదే,
దాని కింద, కళా దర్శకురాలు అని.

ఎనిమిదిసార్లు కడిగించాం. నిమ్మకాయలు, సున్నం,
చివరికి ఉషంగి ఎక్కడినుంచో తెచ్చిన ఆస్పత్రి మందు.
వాసన మాత్రం ఖాళీ చెయ్యలేదు.

సియోల్ నుంచి రావాల్సిన గాజు పడవ
ఇంకా కస్టమ్స్‌లోనే ఉంది.
బ్యాంకువాళ్ళకి తలుపు మీద తమ పేరు
ఇంకో జానెడు పెద్దగా కావాలి.
ప్రొజెక్టరేమో నల్లసముద్రాన్ని
పాచిపట్టిన పచ్చగా చూపిస్తోంది.
అయిపోతుంది, అయిపోతుంది అంటున్నాను అందరితో,
పెళ్ళిలో వంటవాడిలా.

బయట వానలో, టార్పాలిన్ కింద
తక్కెడ పెట్టుకుంది దారేజాన్.
ముప్పయ్యేళ్ళుగా లోపల నాలుగో బల్ల ఆమెది.
ఆ బల్ల మీదిప్పుడు
ఒక కుర్రాడి మౌనం
పన్నెండు స్పీకర్లలో మోగుతోంది.

క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళి
అరకిలో నెత్తళ్ళు కొన్నాను.
తూచి, గుప్పెడు కొసరు వేసి అడిగింది:
"మీ సరుకు సాయంత్రానికి పాడవుతుందా?"
లేదన్నాను.
"మరెందుకంత కంగారు?"

పొట్లానికి కాగితం తడిసిపోయిందంది.
నా దగ్గర ప్రారంభోపన్యాసం ఉంది, నాలుగు పేజీలు.
మూడో పేజీలో 'సముదాయం' అన్న మాట ఐదుసార్లుంది.
అది తీసిచ్చాను.

ఆరింటికి మంత్రిగారు రిబ్బను కత్తిరించాక
రెండో పేజీ చివర్నించి నాలుగో పేజీలోకి దూకాను.
ఎవరూ కనిపెట్టలేదు.
చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.
వేదిక పక్కన, నా సంచీకెదురుగా
పిల్లి ఒకటి మాత్రం
మొదట్నించి చివరిదాకా
కదలకుండా కూర్చుని ఉంది.