సీటు గొట్టం మీద గీతలు

ఇరవై మూడేళ్ళు క్వారీలో డ్రిల్లు పట్టిన చేతులు.
మిషను ఆపేసినా వేళ్ళలో అది ఆగదు.
గ్లాసు పట్టుకుంటే టీ వణుకుద్ది,
చొక్కా గుండీ దొరకదు.
ఒంగోలు డాక్టరు ఎక్సరే వెలుతురుకి పెట్టి
"నడుం అరిగింది, సైకిలు తొక్కు" అన్నాడు.
యాడ తొక్కాలో చెప్పలా.

చీమకుర్తి రోడ్డు నిండా రాయి లారీలు.
లారీకి ఒక్క బండ.
ఆ బండకి బ్రేకంటే ఏందో తెలీదు.
అందుకని ఇంటెనక పద్నాలుగు సెంట్ల దొడ్డిలో
చిల్లచెట్లు కొట్టి దారి తీశా.

ముందు పారతో గీశా. వానకి పోయింది.
తర్వాత పాలిషు ఫ్యాక్టరీ బురద తెచ్చి పోశా,
ఎండితే సిమెంటు, తడిస్తే వెన్న.
మొదటి మలుపులోనే జారి కుడితి గాబులో పడ్డా.
మాలకొండమ్మ బట్టలు ఆరేస్తా ఆరేస్తా
"ఈత కూడా చెప్పినాడా డాక్టరు?" అంది.

మూడోసారి బురదలో ఎర్రమట్టి, ఊక కలిపి
దిమ్మిసతో కొట్టా.
వేపచెట్టు చుట్టూ ఒక సున్నా,
బర్రెల కొట్టం పక్కన ఒక గుట్ట.
గుట్టంటే మోకాలంత,
దిగేటప్పుడు మాత్రం కడుపులో తెలుస్తది.
అంచుల వెంట గెలాక్సీ ముక్కలు పాతా,
నల్లరాయి, లోపల వెండి చుక్కలు.
నిండు పలక ఓడెక్కి పోతది,
మూల విరిగింది మా దొడ్డికొస్తది.

ఇక సైకిలు.
హ్యాండిలు కాల్చి నా ఛాతీ దాకా వంచమంటే
"వంచితే విరుగుద్దినా" అన్నాడు ఖాజావలి.
"నేనూ అంతే" అన్నా.
పిడులకి పాత ట్యూబు, దానిమీద నూలు చీర అంచు,
మళ్ళీ ట్యూబు,
పిడికిలి సగం మూసినా పట్టు దొరికేంత లావు.
సీటు కింద మోపెడ్ స్ప్రింగులు,
గోనెపట్టాలో బూరుగు దూది.
అంగుళం లేపితే మోకాలు ఒప్పుకోలా,
అరంగుళం దించితే నడుం.
తొమ్మిది రోజులు స్పానరుతో నా ఒంటిని అడగతానే ఉన్నా.
ఒకచోట అది ఊరుకుంది.
అక్కడ గొట్టం మీద మేకుతో గీత గీశా.

పోయిన నెల ఒక తెల్లారి ఎక్కితే
మోకాళ్ళు గడ్డానికి తగిలినాయి.
సీటు రెండంగుళాలు దిగుంది.
దొంగయితే సైకిలే పోవాల.
సరిచేశా. మర్నాడూ అంతే.
మంచుకి మెత్తబడ్డ మట్టిలో టైరు జాడ,
అక్కడక్కడా చెప్పుల్లేని కాలు ఆనిన గుర్తు.
గుట్ట ముందు జాడ కాసేపు ఆలోచించి
పక్కనించి తిరిగిపోయింది.
మాలకొండమ్మ మోచేతికి గీరుడు.
"తలుపు తగిలింది."
ఏ తలుపని నేనడగలా.

ఆ రాత్రి వెన్నెల.
కిటికీ సందులోంచి రాతిముక్కల మినుకులు,
వాటి మధ్య మెల్లిగా కదిలే కుచ్చిళ్ళు.
కళ్ళు మూసుకుని చెవులతో తిరిగా.
వేపచెట్టు దాటింది, కొట్టం దాటింది,
దబ్బున చప్పుడు, ఒక తిట్టు,
మళ్ళీ చక్రం కరకర.

ఆమె అంగన్వాడీకి పోయినాక
ఖాజావలి దగ్గర అడ్డగొట్టం కోయించి
కిందికి దించి వెల్డింగు పెట్టించా.
"ఎవురికినా?"
"కాలెత్తలేకపోతన్నా" అన్నా.
ఇంట్లో అబద్ధం ఒక్కరే మోస్తే బాగోదు.
గొలుసుకి రేకు మూత.
గుట్టని జానెడు చెక్కా.
నా గీత కింద ఇంకో గీత గీశా.

ఆ సాయంత్రం టీలో అల్లం ఎక్కువైంది.
ఎవరం ఏమీ అనుకోలా.

ఇయ్యాల పొద్దున
సీటు ఆ గీతక్కూడా నాలుగేళ్ళు కిందుంది.
నేను మాలకొండమ్మని చూశా,
ఆమె నన్ను చూసింది.
గోడవతల బ్లెస్సీ, ఆరో తరగతి,
మొహం తెగ కడుగుతా ఉంది,
మోకాలి మీది ఎర్రమట్టిని మరిచిపోయి.

మేకు యాడ పెట్టానో
వెతుకుతా ఉన్నా.