మూడు రాత్రులు

మా దీవిలో చెట్లుండవు.
కొయ్య ఏదైనా ఓడ దిగే రావాలి,
అట్టపెట్టెలో, వెల్లకిలా,
తన మరలు తానే పొట్లం కట్టుకుని.

క్లాక్స్‌విక్ రేవులో మంగళవారం దిగిన బీరువాని
మంగళవారం రాత్రే నిలబెట్టాను.
హానుస్ తన బట్టలు సర్దుకుపోయిన వారం అది.
గోడ ఖాళీగా కనబడితే నిద్ర పట్టేది కాదు.
ఓడ అడుగున కొయ్యబారిన పలకల్ని
రేడియేటరు పక్కకి ఈడ్చి
బిగించాను, బిగించాను.
తెల్లారేసరికి నిలబడింది.
ఒక మర మిగిలిపోయింది.

ఫిబ్రవరికి ఎడమ తలుపు విల్లయింది.
పైన తాకేది, కింద మూడు వేళ్ల సందు.
ఆ సందులోంచి నా కోటు చెయ్యి
ఎవరినో పిలుస్తున్నట్టు బయటికొచ్చేది.
కంపెనీ వాళ్లని తిడుతూ రెండు పేజీలు రాశాను.
స్టాంపు అంటించలేదు.

పడవలకి తారు పూసే బైనిర్ వచ్చాడు,
ఎడమ చేతికి మూడే వేళ్లున్న బైనిర్.
జ్వరం చూసినట్టు తలుపు అంచు తడిమాడు.
"ఇటు నున్నటి తెల్ల పూత,
అటు ఉల్లిపొర లాంటి కాగితం.
ఒక ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటే
నువ్వైనా నిటారుగా నిలబడతావా మార్యున్?"

కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాడు.
చెట్టుని కోసినా, పొట్టు చేసినా,
జిగురు పోసి పలకగా అణిచినా
దాని దాహం చావదట.
పొగమంచు ఇంట్లోకొస్తే తాగుతుంది,
రేడియేటరు వెలిగిస్తే కక్కుతుంది.
రెండు వైపులా సమంగా తాగితే
కాస్త ఒళ్లు చేసి ఊరుకుంటుంది.
ఒక వైపే తాగిందా,
తాగిన వైపు ఉబ్బి, ఎండిన వైపు గుంజుకుని
వంగక ఏం చేస్తుంది?

"పైగా బయటి గోడకి ఆనించావు.
రాత్రంతా చెమటలు పట్టే గోడ అది.
వీపుకి చలి, మొహానికి సెగ.
వెనక అట్టకి మేకులు కూడా సగమే కొట్టావు."
ఎందుకంత తొందర, అని మాత్రం అడగలేదు.
మిగిలిన మర అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు చూశాడు.

మే నెలలో కొత్త తలుపులొచ్చాయి, రెండు.
వెనక పలక, నడిమి అర కూడా.
ఈసారి పెట్టె విప్పి
నేల మీద సన్నటి బద్దలు వేసి, వాటి మీద పడుకోబెట్టాను.
గోడకి చేరవేస్తే నడుం వంగుతుందన్నాడు.
మూడు రాత్రులు ఉండనివ్వమన్నాడు,
ఈ ఇంటి గాలి వాటికి పట్టేదాకా.
వంటింట్లోకి వెళ్లాలంటే వాటిని చుట్టి పోవాలి.
చుట్టి పోయాను.
మొదటి రాత్రి విసుగు.
రెండో రాత్రి దీపం తీశాక
"పడుకోండి" అన్నాను, పైకే.
మూడో రాత్రి ఒక పలక టక్కుమని ఒళ్లు విరుచుకుంది.

కోసిన అంచులకి, మరల కన్నాలకి
కొవ్వొత్తి మైనం రుద్దాను.
కాగితం వైపు గరుకు కాగితం పట్టి
పూత మీద పూత వేశాను,
ముందువైపు ఎంత మూసుకుందో
వెనకా అంత మూసుకునేదాకా.
ఎవరూ చూడని వైపుకి
అంత శ్రద్ధ పెట్టడం నాకదే మొదలు.
బీరువా గోడకి నాలుగు వేళ్ల ఎడం.
ఎదురెదురు మూలల్ని దారంతో కొలిచి
రెండు కొలతలూ ఒకటయ్యాకే వీపు బిగించాను.
పుస్తకాలు మోసే అరకి నడుమ ఒక ఊతం.
రసమట్టం పెడితే బుడగ పక్కకి పోయింది:
మా నేలే వాలు.
ఒక కాలికింద అట్టముక్క దోపాను.

వంగిన తలుపుని బైనిర్ పట్టుకెళ్లాడు,
బాతుల గూటి మీద కప్పుతాడట.
"ఈ వంపుకి వాన జారిపోతుంది.
రెండేళ్లొస్తే చాలు."

ఇప్పుడు సెప్టెంబరు.
కుడి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటుంది.
ఎడమది పొగమంచు దట్టంగా ఉన్న రోజుల్లో
కింద కొంచెం రాసుకుంటుంది.
చిత్రిక పట్టలేదు. ఎండ వచ్చేదాకా
మోకాలితో కాస్త పైకెత్తి మూస్తున్నాను.